విదేశీ బడిలో ఇంగ్లిష్ చెప్పాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో నీ డిగ్రీ పరీక్షలు అయిపోయాయని, విదేశంలో గవర్నమెంటు బడిలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరాలని నీకు మనసులో ఉందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాతో చెప్పడానికి మొహమాటపడ్డావట. ఎందుకమ్మా మొహమాటం? ఉద్యోగమంతా మన ఒడిశా గజపతి జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇలాంటి ఉద్యోగాలకు అప్లై చేసినప్పుడు వాళ్ల కాగితాలు పక్కన కూర్చుని చూశాను. ఎవరి పని ఎక్కడ ఆగిపోయిందో గుర్తుంది. అదంతా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఏ దేశమో తేల్చుకో. "డిగ్రీ ఉంటే చాలు, వచ్చేయండి" అని ఇంటర్నెట్‌లో కనిపించే మాటలు చాలావరకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం. మన పాస్‌పోర్టుకు లెక్క వేరు. కొరియా సంగతే చూడు. అక్కడి గవర్నమెంటు బళ్లకు టీచర్లను తెచ్చే ఎపిక్ అనే పథకం 1995లో మొదలైంది. అది ప్రధానంగా ఏడు ఇంగ్లిష్ దేశాల వాళ్లకే. మనకున్న దారి 2010లో అమల్లోకి వచ్చిన సెపా, అంటే భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం. దాని ప్రకారం డిగ్రీతో పాటు ఇంగ్లిష్ టీచర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. బీఏ ఒక్కటే పట్టుకుని కొరియాకు ఫారాలు నింపితే నీ టైమ్ పోవడం తప్ప ఇంకేం జరగదు.

జపాన్‌లో పరిస్థితి నీకు అనుకూలం. అక్కడి బళ్లకు విదేశాల నుంచి అసిస్టెంట్ టీచర్లను తెచ్చే జెట్ ప్రోగ్రామ్ 1987 నుంచి నడుస్తోంది. దానికి ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా సరిపోతుంది, బీఎడ్ అడగరు. ఢిల్లీలోని జపాన్ ఎంబసీ ద్వారా అప్లై చేయాలి, అప్లికేషన్‌కు ఫీజు లేదు. శీతాకాలం మొదలయ్యేలోపు అప్లికేషన్లు, ఏడాది మొదట్లో ఇంటర్వ్యూలు, జూలై ఆఖరు నుంచి ప్రయాణాలు. 2025 నుంచి కొత్తగా చేరేవాళ్లకు మొదటి ఏడాది జీతం సుమారు 40 లక్షల యెన్‌లు. కాంట్రాక్టు ఏడాదికి, బాగా చేస్తే అయిదేళ్ల దాకా పొడిగిస్తారు. నువ్వు అక్కడ అసిస్టెంట్ టీచర్‌వి, క్లాసు నడిపేది జపాన్ టీచరు. 2020 నుంచి అక్కడి ప్రైమరీ బళ్లలో అయిదు, ఆరు తరగతులకు ఇంగ్లిష్ పూర్తి సబ్జెక్టు అయింది కాబట్టి చిన్నపిల్లల క్లాసులు కూడా నీకు పడొచ్చు. మన దేశం నుంచి తీసుకునేది చాలా కొద్దిమందిని. అందుకే దాని మీద మాత్రమే ఆశ పెట్టుకుని ఏడాదంతా ఖాళీగా కూర్చోవద్దు.

మాల్దీవుల బళ్లలో మన దేశం టీచర్లు చాలాకాలంగా పనిచేస్తున్నారు, అక్కడికి బీఎడ్ కావాలి. థాయిలాండ్‌లో మనలాంటి వాళ్లను టోయిక్ లాంటి ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అడుగుతారు. నా మాట వింటే ఈసారి జపాన్‌కు అప్లై చెయ్యి, అదే సమయంలో బీఎడ్‌లో చేరు. రెండేళ్లు ఎక్కువనిపిస్తుంది కానీ ఆ సర్టిఫికెట్‌తో కొరియా, మాల్దీవుల తలుపులు కూడా తెరుచుకుంటాయి. వెళ్లడం కుదరకపోయినా ఇక్కడ టీచర్ ఉద్యోగానికి అదే ఆధారం.

ఇక కాగితాల సంగతి. సరిహద్దు తెలుగు పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నీ మెట్రిక్ సర్టిఫికెట్ మీద నీ పేరు ఎలా ఉందో ఒకసారి తీసి చూడు. ఒడిశా బళ్లలో మన ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాసేస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇనీషియల్ ఒప్పుకోరు, పూర్తిగా విప్పి రాయాలి. దాంతో మూడు కాగితాల్లో మూడు పేర్లు. లక్ష్మి అన్న పేరును ఇక్కడ ఎక్స్ పెట్టి రాస్తారు, శ్రీకాకుళం జనన రికార్డుల్లో కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. నాన్నగారి పేరులో రావు ఒకచోట పేరుతో కలిసి ఉంటుంది, ఇంకోచోట విడిగా ఉంటుంది. మనం చూసి ఇద్దరూ ఒకటే అనుకుంటాం. వీసా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి వాళ్లు ఇద్దరు వేరే వేరే మనుషులు. సిరొంచ వైపు మహారాష్ట్రలో ఉన్న మన బంధువుల పిల్లలకు ఇంకో రకం తంటా. అక్కడ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరసగా రాస్తారు. మన పద్ధతిలో రాసిన పాత కాగితాలతో అది కలవదు.

అందుకని పాస్‌పోర్టుకు వెళ్లే ముందే మెట్రిక్, ప్లస్ టూ, డిగ్రీ, ఆధార్ నాలుగూ బల్ల మీద పరుచుకుని అక్షరం అక్షరం పోల్చు. మెట్రిక్ సర్టిఫికెట్లో తప్పుంటే కటక్‌లోని బోర్డు దాకా వెళ్లాలి, అది నెలల తరబడి సాగే పని. ఆధార్ సరిచేసుకోవడం దానికంటే చాలా తేలిక. కాబట్టి మెట్రిక్‌లో ఉన్న పేరునే ఆధారంగా తీసుకుని మిగతావి దానికి కలిసేలా చేసుకోవడం మంచిది. ఇనీషియల్ విషయంలో మాత్రం రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ చేయించి దగ్గర పెట్టుకో.

ఒరిజినల్ డిగ్రీకి యూనివర్సిటీలో ఇప్పుడే అప్లై చెయ్యి. ప్రొవిజనల్ వచ్చింది కదా అని ఊరుకోకు. డిగ్రీ మీద అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర, వేయించాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆ తర్వాతే ఢిల్లీ విదేశాంగ శాఖ. డిగ్రీ ఏ రాష్ట్రానిదైతే ధ్రువీకరణ ఆ రాష్ట్రానిదే. నీది బరంపురం యూనివర్సిటీ కాబట్టి ఒడిశా ప్రభుత్వమే చేయాలి. విశాఖలో ఎవరైనా ఆంధ్రా నుంచి చేయించేస్తామంటే డబ్బులు ఇవ్వకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జెట్ అప్లికేషన్‌తో పాటు నువ్వెందుకు ఈ పని చేయాలనుకుంటున్నావో రెండు పేజీల్లో రాయమంటారు. చాలామంది పిల్లలు అక్కడ జపాన్ సంస్కృతి గొప్పది, అనిమే ఇష్టం, చెర్రీ పూలు చూడాలి అని రాస్తారు. అది చదివేవాళ్లకు కొత్తేమీ చెప్పదు. నువ్వు నీ బాల్యం రాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా అక్షరాలు దిద్దుకుని, పాఠం అర్థంకాని మొదటి నెలల్లో నువ్వు బల్ల మీద ఎలా మౌనంగా కూర్చున్నావో రాయి. ఏ టీచరు నీతో ఎలా మాట్లాడితే నీకు నోరు పెగిలిందో రాయి. ఇంగ్లిష్ నీకు మూడో భాష, హిందీ కలిపితే నాలుగోది. పరాయి భాషలో నోరు తెరవడానికి జంకే పదేళ్ల జపాన్ పిల్లవాడి ముందు నిలబడబోయేది నువ్వు. ఆ జంకు నీకు లోపలి నుంచి తెలుసు. ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగిన వాళ్లకు అది తెలిసే అవకాశం తక్కువ. మనం ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లం, మన ఇంగ్లిష్‌ను ఎవరు పట్టించుకుంటారు అనే దిగులు నీకు ఉందని మీ అమ్మ అంది. నాకు మాత్రం ఆ పెంపకమే నీ అప్లికేషన్‌లో అన్నిటికంటే బలమైన భాగంగా కనిపిస్తోంది.

దానికి తోడు కాస్త క్లాసు అనుభవం చూపించగలిగితే ఇంకా మంచిది. మన జిల్లాలోని గుమ్మ, సెరంగో వైపు సవర గిరిజనుల పిల్లలు ఇంట్లో సవర మాట్లాడి బడికొచ్చి ఒడియాలో చదువుకుంటారు. ఒడిశా ప్రభుత్వం 2006 నుంచి సవరతో సహా గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. ఈ సెలవుల్లో అటువైపు బడిలో హెడ్‌మాస్టరు అనుమతితో కొన్ని వారాలు పిల్లలకు ఇంగ్లిష్ ఆటలు, పాటలు చెప్పు. పిల్లలు ఏ ఆటకు ముందుకొచ్చారో, దేనికి వెనక్కి తగ్గారో రోజూ రాసిపెట్టుకో. ఇంటర్వ్యూలో నిన్ను ఓ చిన్న పాఠం చేసి చూపించమనే అవకాశం ఉంది, అప్పుడు ఆ నోట్సు అక్కరకొస్తుంది. రిఫరెన్స్ ఉత్తరాలు కూడా నీ పాఠం కళ్లారా చూసినవాళ్ల దగ్గరే తీసుకో.

ఉచ్చారణ మీద రోజూ ఓ అరగంట పెట్టు. మన ప్రాంతం వాళ్లకు రెండు భాషల అలవాట్లూ అంటుకుంటాయి. తెలుగు నుంచి మాట చివర "ఉ" చేరుతుంది, బుక్కు, డెస్కు అంటాం. ఒడియా నుంచి "వ" "బ"గా మారుతుంది. జూలో, జీరోలో ఉండే శబ్దం రెండింటిలోనూ లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. అమెరికా యాస పెట్టాలని ప్రయత్నించకు, పిల్లలకు స్పష్టంగా వినపడాలి, అంతే.

ఏజెంట్ల గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. జెట్‌కు ఏజెంటు అక్కర్లేదు. వేరే ఏ దేశానికైనా ఏజెంటు వస్తే, అతను మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన వాడేనా చూడు. రిజిస్టరైన ఏజెంటు మన నుంచి తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. అంతకు మించి లక్షలు అడిగితే అక్కడే ఆపెయ్యి. బ్యాంకాక్‌కు టూరిస్టు వీసా మీద రా, వచ్చాక వర్క్ పర్మిట్ చేయిస్తాం అంటే అసలు వెళ్లకు. అలా థాయిలాండ్ ఉద్యోగమని చెప్పి మన పిల్లల్ని సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మోసాల కేంద్రాల్లో బంధించారు, మన విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరికలు చేస్తూనే ఉంది. ఈ ఒక్క విషయంలో నాకు చెప్పకుండా ఎవరికీ ఒక్క రూపాయి పంపవద్దు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపాలని దానికి టెన్షన్ ఉండడం సహజం. జెట్‌లో ఏ ఊళ్లో వేస్తారో మన చేతిలో ఉండదు, చిన్న ఊరు రావచ్చు, శాకాహారం దొరకడం కష్టం కావచ్చు. అవన్నీ ముందే అమ్మ ముందు చెప్పు, దాచకు. వంట నేర్చుకో.

ఈ ఆదివారం కాగితాలు నాలుగూ ఫొటో తీసి నాకు పంపు, పేర్లు నేను కూడా పోల్చి చూస్తాను. ఆ రెండు పేజీల మొదటి ప్రతిని చేత్తోనే రాయి, ఇంగ్లిష్ దిద్దుకోవడం తర్వాత చూద్దాం. దసరాకు ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని వెంట తెచ్చుకో, వాక్యం వాక్యం కలిసి చదువుదాం.

మీ మావయ్య