ఆక్సిజన్ లేని చోట కూడా ‘ఆక్సీకరణం చెందింది’ అనవచ్చా?

నిస్సందేహంగా అనవచ్చు. సోడియం క్లోరిన్‌తో కలిసి ఉప్పుగా మారేటప్పుడు ఆక్సిజన్ ఎక్కడుందని మీరు అడిగారు. అక్కడ దాని అవసరమే లేదు. ఎలక్ట్రాన్లను కోల్పోయినది ఏదైనా ఆక్సీకరణం చెందినట్టే. ఈ సంగతి నాకు తరగతి గదిలో కంటే ముందు చీనీ (బత్తాయి) తోటలో తెలిసింది.

అనంతపురం జిల్లా నార్పల వైపు మాకు తోట ఉండేది. వానాకాలంలో తెగుళ్లు రాకుండా మా నాన్నగారు బోర్డో మిశ్రమం స్వయంగా కలిపేవారు. నూరు లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం చొప్పున వేరువేరు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి, రెండింటినీ ఒకటి చేసిన తరువాత, బాగా సాన పట్టిన కొడవలి మొనను అందులో కాసేపు ముంచి పైకి తీసేవారు. మొన మీద ఎర్రటి పూత కనిపించిందంటే సున్నం చాలలేదని అర్థం. అప్పుడు మరికొంత సున్నపు నీళ్లు పోసి, మొనను ఇసుకతో రుద్ది మళ్లీ ముంచేవారు. పూత పడుతున్నంత వరకు ఆ మందును చెట్లపై కొట్టనిచ్చేవారు కారు, ఎందుకంటే లేత ఆకులు మాడిపోతాయి.

ఆ ఎర్రటి పూత రాగి. ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి అయానుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణంగా, నీళ్లలోకి దిగిపోతుంది, మైలుతుత్తంలోని రాగి అయాను ఆ రెండింటినీ తీసుకొని లోహంగా మారి కొడవలికి అంటుకుంటుంది. ఇనుము ఆక్సీకరణం చెందింది, రాగి అయాను క్షయకరణం చెందింది, అంటే ఎలక్ట్రాన్లను పొందింది. గాలిలోని ఆక్సిజన్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. మైలుతుత్తాన్ని ఇనుప బకెట్లో కలపకూడదని పెద్దలు చెప్పేది కూడా ఇందుకే.

ఇక వాడుక విషయానికి వస్తే, పిల్లలు తడబడేది ‘చెందు’, ‘చేయు’ అనే రెండు క్రియల దగ్గర. ఇక్కడ రాగి అయాను ఇనుమును ఆక్సీకరణం చేసింది, కనుక అది ఆక్సీకరణి. అలా చేస్తూ తాను క్షయకరణం చెందింది. కర్త ఎవరో, కర్మ ఎవరో చూడకుండా ‘ఆక్సీకరణి ఆక్సీకరణం చెందుతుంది’ అని రాసి మార్కులు పోగొట్టుకునేవారిని ఏటా చూస్తున్నాను. ఇందులో పిల్లల తప్పు తక్కువ. ఇనుప మేకును మైలుతుత్తం ద్రావణంలో వేలాడదీసే ప్రయోగం పదో తరగతి పాఠంలోనే ఉన్నా, చాలా బడుల్లో ల్యాబ్ తాళం తీయరు. నీలం రంగు వెలిసి ద్రావణం లేత ఆకుపచ్చగా మారడాన్ని రంగు పెన్సిళ్లతో బొమ్మగా వేయించి రికార్డు పూర్తయిందనిపిస్తారు. పావు కిలో మైలుతుత్తం ఏ ఎరువుల అంగట్లోనైనా దొరికే మన జిల్లాల్లో ఇది క్షమించరాని విషయం.

మీ ప్రశ్నకు కూడా ఇదే లెక్క: సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను వదిలింది, క్లోరిన్ దాన్ని అందుకుంది, కాబట్టి జవాబు పత్రంలో ‘క్లోరిన్ సోడియంను ఆక్సీకరణం చేసింది’ అని ధైర్యంగా రాయండి.