మీరు అడిగారు: ఎస్పెరాంతో వేసవి శిబిరానికి విశాఖ నుంచి

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. జూలైలో ఐరోపాలో జరిగే ఎస్పెరాంతో (వేర్వేరు దేశాలవాళ్లు మాట్లాడుకోవడానికి కల్పించిన భాష) శిబిరానికి వెళ్లాలని ఉంది. పొద్దున భాష తరగతులు, మధ్యాహ్నం రాజకీయ చర్చలు అంటున్నారు. నాకు ఎస్పెరాంతో ఒక్క ముక్క రాదు. అక్కడికెళ్లి నేర్చుకుంటే సరిపోదా?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: సరిపోదమ్మా. కొత్తవాళ్లకు తరగతి ఉన్నా, వారం రోజుల్లో వచ్చేది పలకరింపులు, అంకెలు, భోజనాల దగ్గర మాటలు. మధ్యాహ్నం చర్చ మొత్తం ఎస్పెరాంతోలోనే సాగితే మూల కూర్చోవాల్సి వస్తుంది. కనీసం మూడు నెలల ముందు నుంచి రోజూ అరగంట కూర్చోండి. లెర్ను డాట్ నెట్‌లో పాఠాలు ఉచితం.

దీన్ని కల్పించిన కంటి వైద్యుడు జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో ఈ భాషను బయటపెట్టినప్పుడు వ్యాకరణాన్ని 16 సూత్రాల్లో సర్దాడు. నామవాచకం ‘ఓ’తో, విశేషణం ‘ఆ’తో ముగుస్తాయి. క్రియకు వర్తమానంలో ‘ఆస్’, భూతంలో ‘ఇస్’, భవిష్యత్తులో ‘ఓస్’. తెలుగులా ప్రత్యయాలు అతికే భాష కాబట్టి మనకు త్వరగానే పట్టుబడుతుంది. తెలుగువాళ్లు తప్పేది వేరేచోట.

మనం ‘అన్నయ్యని పిలిచాను’ అంటాం గానీ ‘పుస్తకం చదివాను’ అంటాం. వస్తువుకు ‘ని’ పెట్టకపోయినా నడిచిపోతుంది. ఎస్పెరాంతోలో నడవదు. ‘మి లేగాస్ లీబ్రోన్’ (నేను పుస్తకం చదువుతున్నాను) అని చివర ‘న్’ ఉండి తీరాలి. పైగా విశేషణానికీ అదే తోక. మనకు ‘అందమైన పుస్తకాలు’లో బహువచనం ఒక్కచోటే, అక్కడ ‘బేలాయ్ లీబ్రోయ్’ అని రెండుచోట్లా. కర్మ అయితే ‘బేలాయ్‌న్ లీబ్రోయ్‌న్’. వేగంగా మాట్లాడేటప్పుడు ముందు జారిపోయేది ఇదే. రోజుకు పది వాక్యాలు పైకి చదవండి.

ఉచ్చారణలో మాత్రం మనదే పైచేయి. ‘చాప’లో చ, ‘చిలక’లో చ వేరని మన నోటికి తెలుసు. ‘త్సేలో’ను చాపలోని చతో పలికితే లక్ష్యం; చిలకలోని చతో ‘చేలో’ అంటే జీవకణం. ‘త’ను ఇంగ్లీషు అలవాటుతో ‘ట’ చేయకండి.

ఇంకో మాట. అక్కడ సొంత భాషలోకి జారిపోతే ‘క్రోకోదీలి’ అంటారు, మొసలిలా చేయడం అని. హిందీ వచ్చినవాళ్లు కనిపించారని వాళ్ల పక్కనే కూర్చుంటే వెళ్లిన పని అవదు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. భాష నేర్చుకుంటే సంతోషమే. రాజకీయ భావాలు కూడా చెబుతారంటేనే భయంగా ఉంది. ఏదైనా పార్టీలోకి లాగుతారా?
– ఒక తండ్రి, మధురవాడ

జవాబు: నిర్వహించేది ఎవరో ముందు చూడండి. 1908లో పుట్టిన ప్రపంచ ఎస్పెరాంతో సంఘం తటస్థం. 1921లో ప్రాగ్‌లో కార్మికులు పెట్టుకున్న ‘సాట్’ వామపక్ష భావాలను దాచకుండా చర్చిస్తుంది. రెండూ గౌరవించదగ్గవే, దారులు వేరు. రోజువారీ కార్యక్రమం పంపమని అడగండి. ఈ భాష మాట్లాడినందుకే హిట్లర్ పాలనలోనూ, 1937–38లో స్టాలిన్ పాలనలోనూ మనుషులు జైళ్లపాలయ్యారు, చంపబడ్డారు. రాజకీయం ఆ చరిత్రలోనే ఉంది, విడదీయలేం.

మీ అబ్బాయిని ఆపడం కన్నా సిద్ధం చేసి పంపడం మంచిది. ‘మీ ఊళ్లో సంగతేమిటి?’ అని అక్కడ తప్పకుండా అడుగుతారు. విశాఖ ఉక్కు గురించి ఐదారు వాక్యాలు కంఠతా పట్టించండి: 1966 ఉద్యమం, 32 మంది ప్రాణాలు, 1971లో శంకుస్థాపన, 2021లో కేంద్రం ప్రైవేటీకరణకు సిద్ధపడటం, కార్మికుల ఆందోళన. ‘లా ష్తాల్‌ఫాబ్రీకో ఎస్తాస్ నియా రాయ్‌తో’ – ఉక్కు కర్మాగారం మా హక్కు. ఇంత చెప్పగలిగితే చర్చలో నలుగురూ అతని వైపు తిరుగుతారు. చర్చలు వేరు, వీధిలో ప్రదర్శనలు వేరు. కొద్దిరోజుల వీసా మీద వెళ్లినవాడు వాటికి దూరంగా ఉండాలని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: వీసాకు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎక్కడ దెబ్బతింటాం?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి షెంగెన్ (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) దరఖాస్తు తీసుకుంటారు, 15 రోజుల ముందుతో గడువు ఆఖరు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45. జూలై శిబిరానికి ఏప్రిల్‌లోనే ఇవ్వండి. మేలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. శిబిరం జరిగే దేశానికే దరఖాస్తు చేయాలి. ఆ దేశపు వీసా దరఖాస్తు కేంద్రం విశాఖలో లేకపోతే హైదరాబాదు వెళ్లాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం బయల్దేరేవాళ్లు పొద్దున 11 తర్వాత సమయం తీసుకోండి, రైలు ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి ఎవరికివారే వెళ్లాలి.

పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి. రుసుము 90 యూరోలు. లాభాపేక్ష లేని సంఘం ప్రతినిధిగా అలాంటి సంఘమే జరిపే కార్యక్రమానికి వెళ్లే 25 ఏళ్లు దాటనివారికి అది లేదు. ఆహ్వాన లేఖలో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి. వీసా కేంద్రం సేవా రుసుము మాత్రం కట్టాలి.

దెబ్బతినేది రెండుచోట్ల. ఒకటి ఇంటిపేరు: పదో తరగతి సర్టిఫికెట్‌లో పొట్టి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. శిబిరానికి పేరు నమోదు చేసేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా రాయండి. రెండోది బ్యాంకు ఖాతా. దరఖాస్తుకు వారం ముందు మామయ్య దగ్గర అప్పు తెచ్చి మూడు లక్షలు వేస్తే వెంటనే అనుమానం వస్తుంది. నాన్నగారే ఖర్చు పెడుతుంటే ఆయన ఆరు నెలల స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను పత్రాలు, భరిస్తానని లేఖ జతచేయండి. కాలేజీ తిరిగి తెరిచే తేదీ ఉన్న బోనఫైడ్ మర్చిపోవద్దు. తిరిగొస్తారనడానికి సాక్ష్యం అదే.

ప్రశ్న: గుడ్డు కూడా తినను. బతకగలనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: బతకగలరు. నమోదు పత్రంలో ‘వెగెతారానో’ (శాకాహారి) అని పెడితే గుడ్డు వడ్డిస్తారు. ‘మి నే మాన్‌జాస్ ఓవోయ్‌న్’ (నేను గుడ్లు తినను) అని విడిగా రాయండి, వంటింట్లోనూ చెప్పండి. గోంగూర పచ్చడి, కందిపొడి తీసుకెళ్లండి. పాల పదార్థాలను, మాంసాన్ని ఐరోపా సమాఖ్యలోకి రానివ్వరు కాబట్టి నెయ్యి, కోవా వద్దు. మాడుగుల హల్వాలోనూ నెయ్యి ఉంటుంది; అదీ ఇంట్లోనే ఉంచండి.