పెరటి ప్రశ్నలు: మెట్ల కింద దొరికిన ఈ మొక్క జేడేనా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మేము ఈమధ్య అద్దెకు దిగిన ఇంట్లో, పాతవారు మెట్ల కింద ఒక కుండీ మొక్కను వదిలి వెళ్లారు. కాండం ఎర్రగా, గణుపులు గణుపులుగా ఉంది. గోరంత గుండ్రటి దళసరి ఆకులు జతలుగా వస్తున్నాయి. కొమ్మలు సాగి పక్కకు వాలిపోయాయి. ఆకుల మొదళ్లలో దూదిలాంటి తెల్లటి పదార్థం ఉంది. జాలిపడి రోజూ చెంబెడు నీళ్లు పోస్తున్నాను. అప్పటి నుంచి ముట్టుకుంటే చాలు, ఆకులు పసుపు పచ్చగా రాలిపోతున్నాయి. పక్కింటివారు జేడ్ అంటున్నారు, మా అత్తగారు రణపాల అంటున్నారు. ఏది నిజం? ఇంట్లో పిల్లి ఉంది, ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా ఆ చెంబును పక్కన పెట్టండి.

రణపాల ఆకు వెడల్పుగా, అంచున గంట్లతో ఉంటుంది. ఆ గంట్లలోనే పిల్ల మొక్కలు పుడతాయి. మీ మొక్కకు అవి లేవు కనుక అది రణపాల కాదు. అసలు జేడ్ అయిన క్రాసులాకు బొటనవేలంత పెద్ద ఆకులు, బూడిద రంగు కలిసిన లావుపాటి కాండం ఉంటాయి. ఎర్రటి కాండం, గోరంత ఆకులు అని మీరు రాసినదాన్ని బట్టి ఇది పోర్టులకేరియా ఆఫ్రా. మన నర్సరీలలో జేడ్ పేరుతో అమ్మేది ఎక్కువగా దీనినే. దక్షిణాఫ్రికాలో ఏనుగులు దీనిని ఇష్టంగా మేస్తాయి. ఒకప్పుడు దీనిని మన గంగవాయిలి కూర కుటుంబంలోనే చేర్చేవారు, ఆకు రుచి కూడా పులుపే. అయితే పురుగు పట్టిన ఆకును రుచి చూడవద్దు. పిల్లికి హాని చేసేవి క్రాసులా, రణపాల. దీనితో ఆ భయం లేదు.

కొమ్మలు సాగిపోవడానికి కారణం మెట్ల కింది చీకటి, ఆకులు రాలడానికి కారణం మీ నీళ్లు. నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలను పగలు మూసి రాత్రి తెరిచే పద్ధతికి మారగలిగిన మొక్క ఇది. నిర్లక్ష్యాన్ని నెలల తరబడి ఓర్చుకుంటుంది కానీ తడి మట్టిలో వేళ్లకు గాలి ఆడకపోతే ఓర్చుకోలేదు. దాహం వేసిన ఆకు పలచబడి ముడుతలు పడుతుంది, నీరు ఎక్కువైన ఆకు ఉబ్బినట్లే ఉండి పసుపు రంగుకు తిరిగి రాలుతుంది.

కుండీని బోర్లించి వేళ్లను చూడండి. గట్టిగా, లేత గోధుమ రంగులో ఉన్నవాటిని ఉంచి, నల్లబడి పట్టుకుంటే జారిపోయేవాటిని కత్తిరించండి. కాండం మొదలు కూడా మెత్తబడి ఉంటే ఆ మొక్క మీద ఆశ వదులుకుని, పైన ఆరోగ్యంగా ఉన్న కొమ్మలను కోసి, కోత ఎండేదాకా నాలుగైదు రోజులు నీడలో ఉంచి నాటుకోవాలి. గుంటూరు నల్లరేగడి మట్టిని మాత్రం వాడకండి. అది తడిని పట్టి ఉంచుతుంది, ఎండితే బీటలు వారి వేళ్లను తెంపుతుంది. ఎర్రమట్టి, ప్లాస్టరింగుకు జల్లెడ పట్టగా మిగిలిన ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు సమానంగా కలిపి, గుప్పెడు వర్మికంపోస్టు చేర్చి, అడుగున రంధ్రమున్న మట్టి కుండీలో నాటండి. వారం తర్వాతే తొలి నీరు. ఆపైన అగరుబత్తి పుల్లను అడుగుదాకా గుచ్చి తీసినప్పుడు పొడిగా వస్తేనే మళ్లీ నీరు.

ఆ తెల్లటి దూది పిండినల్లి అనే పురుగు. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూదిని ముంచి ఒక్కొక్క గణుపు సందునూ తుడవండి. గుడ్లు మళ్లీ పొదుగుతాయి కనుక వారానికోసారి చొప్పున కనీసం నెల రోజులు ఇది తప్పదు. చీమలు తిరుగుతుంటే వాటినీ అరికట్టాలి. పిండినల్లి విసర్జించే తీపి జిగట కోసం అవి దానిని కాపాడతాయి.

వెలుతురు పెంచడంలో తొందర వద్దు. మెట్ల కింద నుంచి తీసి నేరుగా రోహిణి కార్తె ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. మొదట నీడ గల వరండాలో, తర్వాత ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపున ఉంచుతూ, రెండు మూడు వారాల్లో అలవాటు చేయండి. సాగిన కొమ్మలు మళ్లీ పొట్టివి కావు కనుక, మొక్క కోలుకున్నాక ఒక ఆకుల జతకు కాస్త పైన కత్తిరిస్తే ఆ జత దగ్గర నుంచి సాధారణంగా రెండు చిగుళ్లు వస్తాయి. ఆకులు రాలిన కొమ్మలను మాత్రం ఇప్పుడే విరిచి పారేయకండి. గోటితో కొద్దిగా గీరినప్పుడు లోపల పచ్చగా ఉంటే వాటికీ చిగురు వస్తుంది.