ముహూర్తం సంగతి షోరూమ్‌లో చెప్పకండి

బండీ బిల్లూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పండగలు దగ్గరపడితే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం షోరూమ్‌ల మీదే ఉంటాయి. బీమా క్లెయిముల్లో నష్టం లెక్కగట్టే సర్వేయరుగా చాలాకాలం వర్క్‌షాపుల చుట్టూ తిరిగినదాన్ని కాబట్టి అడిగినవాటికి నాకు తెలిసినంతవరకూ చెబుతున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరం టీచర్లం. రేణిగుంట రోడ్డులో ఒక షోరూమ్‌లో కారు చూశాం. 1,200 సీసీ పెట్రోల్ బండి, ఎక్స్‌షోరూమ్ ధర రూ.8,49,000. కొటేషన్‌లో ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కాకుండా ఇన్సూరెన్స్ రూ.47,300, హ్యాండ్లింగ్ ఛార్జీలు రూ.9,500, ‘ఎసెన్షియల్ కిట్’ రూ.16,900, ఎక్స్‌టెండెడ్ వారంటీ అని రాశారు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటామంటే ‘అట్లయితే డెలివరీ లేటవుతుంది సార్, మీ ఇష్టం’ అంటున్నారు. శుక్రవారం ఉదయం 10.20కి ముహూర్తం. అక్కణ్నుంచి నేరుగా కాణిపాకం వెళ్లి పూజ చేయించాలని మా ఆవిడ కోరిక. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: మాస్టారూ, ఆ 10.20 సంగతి వాళ్లకెలా తెలిసింది? మీరే చెప్పి ఉంటారు. సంతోషంలో అందరం చెప్పేస్తాం. మన వైపు పంచాంగం చూడకుండా కారు కొనేవాళ్లు తక్కువ, పంచాంగం చూడని సేల్స్‌మన్ అసలే లేడు. ముహూర్తం చెప్పారంటే జుట్టు చేతికిచ్చినట్టే. ‘లేటవుతుంది’ అన్న ఒక్క మాటకు మీరు కొటేషన్ మొత్తం ఒప్పేసుకుంటారని ఆయనకు తెలుసు. కాబట్టి ఇవాళే ఫోన్ చేసి ‘మా అయ్యవారు తేదీ మార్చారు, తొందరేం లేదు, ముందు రేటు తేలనీండి’ అనండి. కాణిపాకంలో అబద్ధం చెప్పకూడదు గానీ రేణిగుంట రోడ్డులో చెప్పొచ్చు.

ఇక ఇన్సూరెన్స్. పాలసీ లేకుండా రిజిస్ట్రేషన్ కాదన్నది నిజం. ఆ పాలసీ వాళ్ల దగ్గరే కొనాలన్నది మాత్రం నిజం కాదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవర్) 2018 సెప్టెంబర్ 1 నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ లోపు కారుకు మూడేళ్లకు రూ.10,640, జీఎస్టీ కలిపితే రూ.12,555. ఏ కంపెనీలో తీసుకున్నా ఇందులో తేడా రాదు. తేడా అంతా మిగతా ముప్పై నాలుగు వేల పైచిలుకులోనే, అంటే మన బండికే దెబ్బ తగిలితే ఇచ్చే సొంత డ్యామేజీ కవర్, దానికి తగిలించిన యాడ్-ఆన్‌లలో (అదనపు కవర్లలో) ఉంది. తాళంచెవి పోతే, టైరు పగిలితే, బండిలో సామాను పోతే అంటూ మీరు అడగనివి అందులో చాలా ఉంటాయి. జీరో డిప్రిసియేషన్ (క్లెయిమ్‌లో విడిభాగాలకు తరుగు కోయని కవర్) ఉంచండి, మిగతావి ఒక్కొక్కటీ అడిగి తీయించండి.

బయట రెండు కంపెనీల కొటేషన్లు తీసుకోండి. పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే బీమా కంపెనీ బండికి కట్టే విలువ, ఒకటేనా అని చూడాలి. కొత్త బండికి ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం లెక్క కాబట్టి మీకు రూ.8,06,550 దగ్గర ఉండాలి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించడం బయటివాళ్ల కిటుకు. ఆ కాగితాలు తీసుకెళ్లి టేబుల్ మీద పెడితే చాలాసార్లు షోరూమ్‌వాళ్లే అదే రేటుకు దిగుతారు. దిగితే అక్కడే తీసుకోండి, పంతం ఎందుకు? ‘బయట పాలసీ అయితే మా దగ్గర క్యాష్‌లెస్ ఉండదు’ అని, అంటే రిపేరు డబ్బు ముందు మీరే కట్టాలని బెదిరిస్తే, ఆ బీమా కంపెనీ గ్యారేజీల జాబితాలో వాళ్ల వర్క్‌షాప్ పేరుందేమో చూసుకోండి. సర్వేకు వెళ్లినప్పుడు పాలసీ ఎవరి దగ్గర కొన్నారని నేను ఏనాడూ అడగలేదు. మీకు పాత కారు ఉండి, దాన్ని అమ్మేస్తుంటే, దాని మీద క్లెయిమ్ చేయనందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. పాత బీమా కంపెనీ నుంచి ఆ లెటర్ తీసుకుంటే కొత్త బండి సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం వరకూ తగ్గొచ్చు. షోరూమ్‌లో ఈ మాట ఎవరూ ఎత్తరు.

హ్యాండ్లింగ్ ఛార్జీలు ప్రభుత్వానికి కట్టేవి కావు. గోడౌన్ నుంచి బండి తెచ్చి కడిగి నిలబెట్టడం వాళ్ల వ్యాపారం ఖర్చు. ‘దీనికి విడిగా బిల్లు ఇస్తారా, ఏ పేరుతో ఇస్తారు?’ అని అడగండి. కొటేషన్‌లో ముందుగా ఎగిరిపోయే లైను సాధారణంగా అదే. ఎసెన్షియల్ కిట్ అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, బాడీ కవర్, సెంటు సీసా, డ్యాష్‌బోర్డు మీదికి చిన్న వినాయకుడు. వస్తువుల వారీగా రేటు రాసిమ్మనండి, కావాల్సినవి ఉంచుకుని మిగతావి కొట్టేయించండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ చెడ్డది కాదు గానీ ఈ రోజే కొనాల్సిన పని లేదు. చాలా కంపెనీలు మామూలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా ఇస్తాయి, ఆలస్యమైతే రేటు కాస్త పెరుగుతుంది. ఫాస్టాగ్ మాత్రం వద్దనకండి, 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో అది లేకపోతే కొండకు పంపడం లేదు. మీ బండి పది లక్షల లోపే కాబట్టి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు వసూలు చేసే ఆదాయపన్ను) అని ఎక్కడైనా రాసుంటే అది తప్పు.

ఒక జాగ్రత్త. ముహూర్తం మించిపోతోందని నంబరు రాకముందే బండి ఇచ్చేస్తామనే మంచివాళ్లూ ఉంటారు. తాత్కాలిక రిజిస్ట్రేషనైనా లేకుండా డీలరు బండి అప్పగించకూడదన్నది రూలు. దారిలో ఏమన్నా అయితే క్లెయిమ్ మీద పేచీ మొదలయ్యేది అక్కడే. 10.20కి షోరూమ్‌లోనే నిమ్మకాయలు తొక్కించి కొబ్బరికాయ కొట్టండి. ముహూర్తానికి అది చాలు. కాణిపాకానికి కాగితాలొచ్చాక వెళ్లొచ్చు.

ప్రశ్న: మూడో ఫ్రీ సర్వీసుకు ఇస్తే రూ.8,640 బిల్లు చేతిలో పెట్టారు. థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్ అని ఏవేవో ఉన్నాయి. ఇప్పుడు ‘మీరు తిరుమల ఘాట్ ఎక్కుతారు కదా మేడమ్, బ్రేక్ ప్యాడ్‌లు అయిపోయాయి, అండర్‌బాడీ కోటింగ్ కూడా కొట్టించుకోండి’ అని ఫోన్ మీద ఫోన్. బండి 11,000 కిలోమీటర్లే తిరిగింది.
– ఒక గృహిణి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఫ్రీ అంటే కూలి ఫ్రీ అమ్మా. ఆయిలు, ఫిల్టర్ల డబ్బు మనదే. అంతవరకూ న్యాయమే. మిగిలిన వాటికి మీ బండితో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీయండి, ఎన్ని కిలోమీటర్లకు ఏం చేయాలో అందులో పట్టిక ఉంటుంది. మీరు చెప్పిన మూడు క్లీనింగులూ 10,000 కిలోమీటర్ల గడిలో ఉన్నాయేమో చూడండి. లేకపోతే అవి కంపెనీ చెప్పినవి కావు, సర్వీస్ అడ్వైజర్ టార్గెట్ కోసం రాసినవి.

బ్రేకుల విషయంలో నోటి మాట నమ్మకండి, కంటితో చూడండి. చక్రం విప్పినప్పుడు లోపల మెరిసే డిస్కు, దాన్ని పట్టుకున్న క్యాలిపర్ కనిపిస్తాయి. క్యాలిపర్ సందులోంచి ఫోన్ టార్చి వేసి చూస్తే డిస్కుకు ఆనుకుని నల్లటి పొర ఉంటుంది, దాని వెనక ఇనుప పలక. ఆ నల్ల పొరే ప్యాడ్. కొత్తది సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 మిల్లీమీటర్ల దగ్గరికొస్తే మార్చాలి. మెకానిక్ దగ్గర కొలిచే పరికరం ఉంటుంది, ‘ఎంతుందో జాబ్‌కార్డు మీద రాయండి’ అనండి. జాబ్‌కార్డు అంటే బండికి చేయాల్సిన పనులు రాసే కాగితం. నా అంచనాలో మీ బండికి ఇంకా సగం పైనే ఉండాలి. ఘాట్ ఎక్కేటప్పుడు బ్రేకులకు పనే ఉండదు, అరిగేది దిగేటప్పుడు. రెండో గేరులో దిగి, మలుపుల దగ్గర మాత్రం బ్రేకు తొక్కితే ఏడాదికి రెండుసార్లు కొండకు వెళ్లొచ్చినంత మాత్రాన ప్యాడ్‌లు అయిపోవు. కోటింగ్ సంగతి సరే సరి. తుప్పు పట్టించడానికి చిత్తూరులో సముద్రం ఎక్కడుంది?

ఈసారి బండి ఇచ్చేటప్పుడు జాబ్‌కార్డు మీద సంతకం పెట్టే ముందు ‘అదనపు పని ఏదైనా నా లిఖిత అనుమతితోనే’ అని మీ చేత్తో రాసి ఫొటో తీసుకోండి. మధ్యాహ్నం మూడింటికి ఫోనొస్తుంది, ‘మేడమ్, బండి విప్పేసి ఉంది, ఇప్పుడే చెప్పాలి’ అని. ఫొటో, రేటు వాట్సాప్‌లో పెట్టమనండి. నిజంగా అవసరమైనవాళ్లు పెడతారు. మార్చిన పాత సామాను డిక్కీలో వేయమని కూడా ముందే చెప్పండి.

ప్రశ్న: రివర్స్ కెమెరా బయట పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: మొత్తం పోదు. వైర్లు కోసి కలిపితే, ఆ వైరింగ్ చెడిపోయినప్పుడు దానికి మాత్రం వారంటీ ఇవ్వం అనొచ్చు. వైరు కోయకుండా కప్లర్‌తో బిగించేవాళ్ల దగ్గర పెట్టించండి, బిల్లు దాచండి. సీటు కవర్లు, మ్యాట్లకు ఈ గొడవే లేదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం దాన్ని కప్పేసే కవరు వేయించకండి.

ప్రశ్న: జనవరిలో కొన్న కారు పోయిన ఏడాది తయారైనదని ఇప్పుడు అనుమానంగా ఉంది. ఎలా తెలుస్తుంది?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: షోరూమ్‌వాళ్లు ఇచ్చే ఫారం 21, అంటే సేల్ సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం రాయాలి. ఆర్సీలోనూ ఉంటుంది. జనవరిలో డిసెంబర్ బండి అమ్మడం నేరం కాదు, చెప్పకుండా అమ్మడమే మోసం. మీరు తిరిగి అమ్మేనాడు బండికి ఏడాది ఎక్కువ వయసు లెక్కగట్టి ధర తగ్గిస్తారు కదా, ఆ మేరకు ముందే తగ్గించి ఉండాలి. తగ్గించకుండా దాచినట్టు కాగితాల్లో కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి. ఇంకా కొననివాళ్లకు ఒక మాట: డబ్బు మొత్తం కట్టకముందే ఛాసిస్ నంబరు తీసుకుని బండిని పగటి వెలుతురులో చూడండి, రాత్రి ట్యూబ్‌లైట్ల కింద కాదు.

ప్రశ్న: రూ.21,000 కట్టి బుక్ చేశాను. చెప్పిన తేదీకి బండి రాలేదు, క్యాన్సిల్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది’ అని తిప్పుతున్నారు.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఇక షోరూమ్‌కు వెళ్లకండి బాబూ, పెట్రోలు దండగ. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో క్యాన్సిల్ నిబంధన ఏముందో చదవండి. రసీదు, వాళ్లు రాసిచ్చిన డెలివరీ తేదీ జతచేసి డీలరుకు, కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కు కలిపి ఒకే మెయిల్ పంపండి, ఏడు రోజులు గడువు పెట్టండి. రాకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. దానికీ లొంగకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. చాలామందికి మెయిల్‌లోనే పని అయిపోతుంది, ఎందుకంటే కంపెనీకి కాపీ వెళ్లింది కాబట్టి.

ప్రశ్న: బండి ఇస్తూ ‘కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా జీతం కోస్తారు’ అని బతిమాలుతున్నాడు సర్వీస్ సెంటర్ కుర్రాడు. సర్వీసు ఏమంత బాగాలేదు. ఏం చెప్పాలి?
– ఒక బ్యాంకు ఉద్యోగి, మదనపల్లె

జవాబు: కుర్రాడు చెప్పేది నిజమే, ఆ మార్కుల మీద వాళ్ల ఇన్సెంటివ్ ఉంటుంది. అందుకే ఆ ఫోన్‌కు ముందు మీకు విలువ, తర్వాత లేదు. బాగాలేనివి ఏవో కాగితం మీద రాసి, ‘ఇవి సరిచేయించు, పదికి పది ఇస్తాను’ అని ఆ అబ్బాయికే ఇవ్వండి. మేనేజరు మీ మాట వినకపోయినా అతని మాట వింటాడు. చేయకపోతే ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి, కాకపోతే కుర్రాడి మర్యాదకు ఒక మార్కు, వర్క్‌షాప్ పనికి ఒక మార్కు అని విడదీసి చెప్పండి.