ఇథియోపియా గొడవలకు ఫెడరలిజమే కారణమా? అక్కడ ఏడేళ్లు పాఠాలు చెప్పినవాడిగా నా జవాబు

ప్రశ్న ఇది: "ఇథియోపియాను జాతుల వారీగా రాష్ట్రాలు చేశారు కాబట్టే అక్కడ ఇంత రక్తపాతం అంటారు. ఆ ఫెడరల్ పద్ధతి తీసేసి బలమైన కేంద్ర ప్రభుత్వం పెడితే గొడవలు ఆగుతాయా?"

ఆగవు. ఎందుకు ఆగవంటున్నానో చెప్పాలంటే అక్కడ నేను చూసినవి కొన్ని చెప్పాలి.

మాది హనుమకొండ. 2011 సెప్టెంబర్‌లో ఇథియోపియాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి వెళ్లి, 2018 జూలైలో తిరిగొచ్చాను. అప్పట్లో అక్కడ కొత్త యూనివర్సిటీలు వరసగా పెడుతున్నారు. మన తెలుగు లెక్చరర్లు చాలా క్యాంపస్‌లలో ఉండేవాళ్లు. మేమున్న ఊరు ఒరోమియా రాష్ట్రంలో, అడిస్ అబాబాకు పడమటి వైపు. నేనూ, తెనాలి నుంచి వచ్చిన ఇంకో లెక్చరరూ ఒకే ఇంట్లో చెరో గదిలో అద్దెకుండేవాళ్లం.

వెళ్లిన నెలలోనే క్లాసులో పిల్లలు అడిగారు, "సార్, మీ బిహేర్ ఏంటి?" అని. బిహేర్ అంటే అమ్హారిక్ భాషలో జాతి. మనవాళ్లు కొత్తవాళ్లను "మీదే ఊరు?" అని అడిగినంత మామూలుగా అడిగారు. ఇండియన్ అన్నాను. అది దేశం కదా సార్, బిహేర్ చెప్పండి అన్నారు. తెలుగు అని చెప్పాక తృప్తి పడ్డారు.

ఆ మాటకు ఎంత బరువుందో కెబెలే ఆఫీసులో తెలిసింది. కెబెలే అంటే మన వార్డు ఆఫీసు లాంటిది. అద్దె కాగితం మీద స్టాంపు కోసం వెళ్తూ, భాష రాదు కాబట్టి ఆ ఊరి కుర్రాడే అయిన మా సెకండియర్ స్టూడెంట్‌ను తోడు తీసుకెళ్లాను. పనిలో పనిగా అతను తన ఐడీ కార్డు కొత్తది రాయించుకుంటానన్నాడు. క్లర్కమ్మ ఫారం ముందు పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ అడిగింది. తర్వాత తల ఎత్తకుండానే "బిహేర్?" అంది. అతను ఆగాడు. వాళ్ల నాన్న ఒరోమో, అమ్మ గొజ్జాం నుంచి వచ్చిన అమ్హారా. రెండూ రాయొచ్చా అని అడిగాడు. ఆమె విసుక్కోలేదు. ఫారం ఇటు తిప్పి, ఆ గడిలో ఒక్క మాటకే చోటుందని పెన్నుతో చూపించింది. నాన్నది రాయించుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బజాజ్ ఎక్కాం (అక్కడ ఆటోను బజాజ్ అనే అంటారు). దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. దిగాక అన్నాడు, "సార్, నేను ఇంట్లో మాట్లాడేది మా అమ్మ భాషే" అని.

ఆ గడి 1995లో అమల్లోకొచ్చిన వాళ్ల రాజ్యాంగం నీడ. మన రాజ్యాంగం "భారతదేశ ప్రజలమైన మేము" అని మొదలవుతుంది. వాళ్లది "ఇథియోపియా జాతులమూ, జాతి సమూహాలమూ, ప్రజలమూ అయిన మేము" అని మొదలవుతుంది. ఎనిమిదో అధికరణం ప్రకారం సార్వభౌమాధికారం ఆ జాతులది. 39వ అధికరణం ప్రకారం ఏ జాతైనా కావాలంటే దేశం నుంచి విడిపోవచ్చు. ఎనభైకి పైగా జాతులున్న దేశాన్ని తొమ్మిది రాష్ట్రాలుగా చేశారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు ఇంత ప్రమాదకరమైన పని చేతులారా ఎందుకు చేసుకున్నారా అనిపించింది. ఆ అభిప్రాయాన్ని మేం అద్దెకున్న ఇంటావిడ మార్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వసారాలో పచ్చగడ్డి పరిచి, కాఫీ గింజలు అప్పటికప్పుడు పెనం మీద వేయించి, జెబెనా అనే నల్లటి మట్టికూజాలో కాచి పోసేది. మూడు వాయిలు పోస్తారు. అబోల్, తోనా, బెరెకా అని వాటి పేర్లు. మూడోది తాగందే లేవనిచ్చేది కాదు. అలా ఒక ఆదివారం ఆమె మనవరాలు పక్కన కూర్చుని ఒరోమో వాచకం గట్టిగా చదువుతోంది. ఒరోమో భాషను 1991 నుంచి బళ్లలో ఇంగ్లిష్ అక్షరాలతో రాయడం నేర్పుతున్నారు. ఖుబే అంటారు ఆ లిపిని. ఇంటావిడ కాఫీ పోయడం ఆపి వింటోంది. ఆమెకు చదవడం వచ్చు, కానీ ఆ పుస్తకం చదవలేదు. చక్రవర్తి హైలే సెలాసీ కాలంలో ఆమె నేర్చుకున్నది అమ్హారిక్ అక్షరాలు మాత్రమే. బళ్లో ఒరోమో మాట నోటి నుంచి వస్తే అరచేతి మీద బెత్తం పడేదట. అరవై ఏళ్ల మనిషి తన తల్లిభాషను మనవరాలి నోట పాఠంగా వింటూ కూర్చున్న ఆ దృశ్యం నేను మర్చిపోలేను.

గోడ మీద ఆమె తమ్ముడి ఫొటో ఉండేది. దెర్గ్ సైనిక ప్రభుత్వం అతన్ని పట్టుకెళ్లి ఎరిత్రియా యుద్ధానికి పంపింది. మళ్లీ రాలేదు.

కాబట్టి బలమైన కేంద్రం గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది ముందు ఇదే. అక్కడ దాన్ని ఎప్పుడో పెట్టి చూశారు. ఎరిత్రియా 1952లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటుతో ఫెడరేషన్‌గా ఇథియోపియాలో కలిసింది. 1962లో చక్రవర్తి ఆ ఫెడరేషన్‌ను రద్దు చేసి మామూలు ప్రావిన్సు చేసేశాడు. ముప్పై ఏళ్లు యుద్ధం నడిచింది. 1993లో ఎరిత్రియా వేరే దేశమైంది, ఇథియోపియాకు సముద్రమే లేకుండా పోయింది. 1974లో చక్రవర్తిని దించిన దెర్గ్ నినాదం "ఇథియోపియా తిక్దెం", అంటే ఇథియోపియాకే పెద్దపీట. వాళ్లూ అంతా అడిస్ అబాబా నుంచే నడపాలనుకున్నారు. ఒరోమో విమోచన ఫ్రంట్ 1973లో, టిగ్రే ప్రజా విమోచన ఫ్రంట్ 1975లో పుట్టాయి. అప్పటికి జాతుల వారీ రాష్ట్రం అన్న మాటే లేదు. 1991లో దెర్గ్‌ను కూలదోసింది ఇలాంటి ఫ్రంట్‌లే. పదిహేడేళ్లు ఒక్కో జాతి పేరుమీద తుపాకులు పట్టుకున్నవాళ్లు గెలిచి రాసుకున్న రాజ్యాంగం మరెలా ఉంటుంది?

మరి ఎక్కడ చెడింది? నా ఉద్దేశంలో రెండు చోట్ల.

మొదటిది నాకు మన తెలంగాణ వల్లే అర్థమైంది. 2014 ఏప్రిల్, మే నెలల్లో మా వైపు క్యాంపస్‌లన్నీ అట్టుడికాయి. అడిస్ అబాబా మాస్టర్ ప్లాన్ అని ఒకటి తెచ్చారు. నగరం చుట్టూ ఉన్న ఒరోమో రైతుల భూములు అందులోకి పోతాయని పిల్లలు రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి. ఆ వేడి తగ్గకముందే జూన్ 2 వచ్చింది. ఆ రాత్రి నేనూ, మా తెనాలి మిత్రుడూ ఎప్పటిలాగే కలిసి పప్పుచారు పెట్టుకున్నాం. నాకు లోపల పండగగా ఉంది. అతని మొహం చూసి ఆ సంతోషం బయటపెట్టలేకపోయాను. అతనే చివరికి "కంగ్రాట్స్ అన్నా" అని నా కంచంలో ఇంకో గరిటె వేశాడు.

మర్నాడు పిల్లలు చుట్టుముట్టారు. ఒకే బిహేర్, ఒకే భాష, రెండు రాష్ట్రాలా? ఎవరు ఎవరి మీద యుద్ధం చేశారు? 1969 గురించి చెప్పాను. ప్రాణాలు తీసుకున్న పిల్లల గురించి చెప్పాను. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిప్పి పంపినా మూడో అధికరణం కింద పార్లమెంటు రాష్ట్రాన్ని విడదీసిందని చెప్పాను. కెబెలేకు నాతో వచ్చిన కుర్రాడు అన్నీ విని ఒక్కటే అడిగాడు, "అయితే ఇప్పుడు ఆ సార్ మీ ఊళ్లో ఉండొచ్చా?"

ఎందుకుండకూడదు, వాళ్ల అన్నయ్య ఇల్లు కూకట్‌పల్లిలోనే ఉంది అన్నాను. అలా అంటూండగానే తెలిసింది అతను నిజంగా అడుగుతున్నది ఏమిటో. వాళ్ల అమ్మ గురించి అడుగుతున్నాడు.

అక్కడ రాష్ట్రం అంటే ఒక జాతి సొత్తు. బెనిషాంగుల్-గుముజ్ అనే పశ్చిమ రాష్ట్రం రాజ్యాంగమైతే బెర్తా, గుముజ్, షినాషా, మావో, కోమో అనే ఐదు జాతులను ఆ రాష్ట్రానికి సొంతదారులుగా పేరు పెట్టి రాసుకుంది. తరతరాలుగా అక్కడే దున్నుకుంటున్న అమ్హారాలు, ఒరోమోలు ఆ లెక్కలో లేరు. పైగా దేశమంతటా భూమి ప్రభుత్వానిది, రైతుకు సాగు హక్కే ఉంటుంది. ఆ హక్కు రాసిచ్చేది స్థానిక అధికారి. అంటే కార్డు మీద గడిలో ఏముందో దాన్ని బట్టి నీ పొలం మీద నీకెంత ధీమా ఉంటుందో తేలిపోతుంది. 2017లో ఒరోమియా, సోమాలీ రాష్ట్రాల సరిహద్దు గొడవలో దాదాపు పది లక్షల మంది ఇళ్లు వదిలిపెట్టారు. మా ఊరికి కూడా కొన్ని కుటుంబాలు వచ్చాయి. క్యాంపస్‌లో దుప్పట్లు, గిన్నెలు పోగుచేసి ఇచ్చాం. ఒక పెద్దాయన సోమాలీ వైపు ఊళ్లోనే పుట్టి పెరిగాడు. ఒరోమియాకు "తిరిగొచ్చావు" అని అందరూ ఓదారుస్తుంటే ఆయనకు అర్థం కావడం లేదు. ఇంతకు ముందు ఎప్పుడూ ఇక్కడికి రాలేదు మరి.

మన దగ్గర "ఈ నేల ఎవరిది" అన్న గొడవ లేదని నేననను. ముల్కీ కోసమే కదా అంత జరిగింది. కానీ నేను చదువుకున్న రోజుల్లో ఒక ఏరియాలో వరసగా నాలుగేళ్లు చదివితే అక్కడ లోకల్. తాతముత్తాతలు ఎవరని అడగరు. పరాయివాడు లోకల్ కావడానికి ఒక దారి ఉంది. ఆ కుర్రాడి తల్లికి, ఆ పెద్దాయనకు అలాంటి దారి ఏదీ లేదు. అసలు తేడా అక్కడుందని నాకనిపిస్తుంది.

రెండోది, పేరుకు ఫెడరల్ అయినా పాలన పైనుంచే. నాలుగు జాతి పార్టీల కూటమి ఒకటి 27 ఏళ్లు దేశాన్ని ఏలింది. అందులో టిగ్రే పార్టీ (ఇందాక చెప్పిన టిగ్రే ఫ్రంట్) మాటే చెల్లేది. రాష్ట్ర ప్రభుత్వాలన్నీ ఆ కూటమివో, దాని మిత్రులవో. 2015 ఎన్నికల్లో పార్లమెంటులో ప్రతిపక్షానికి ఒక్క సీటు కూడా రాలేదు. క్లాసులో మేం పిల్లలను "ఒకటికి ఐదు" గ్రూపులు చేయాలి. ఒక లీడర్, ఐదుగురు సభ్యులు. కాగితం మీద అది కలిసి చదువుకోవడానికి. లీడర్ ఎవరి మాటలు ఎక్కడికి చేరవేస్తాడో పిల్లలకు తెలుసు కాబట్టి, గ్రూపుల్లో కూర్చోబెడితే క్లాసంతా నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దం 2015 నవంబర్‌లో పగిలింది. మళ్లీ అదే మాస్టర్ ప్లాన్. ఒక మధ్యాహ్నం మెస్ ముందు నుంచి వెళ్తున్నాను. లోపల వందల మంది పిల్లలు ఇంజెరా (అక్కడి రొట్టె) ప్లేట్లు ముట్టకుండా నిలబడి, రెండు మణికట్లూ తల పైన అడ్డంగా కలిపి పట్టుకున్నారు, సంకెళ్లు వేసినట్టు. ఒక్కరూ మాట్లాడటం లేదు. మూలన ఒక టేబుల్ దగ్గర కొందరు అమ్హారా పిల్లలు తినాలో లేవాలో తెలియక కూర్చున్నారు. మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్ మారథాన్‌లో ఒరోమో రన్నర్ ఫెయిసా లిలేసా రెండో స్థానంలో గీత దాటుతూ చేతులు అలా పెట్టినప్పుడు, టీవీలో చూసి మా ఇంటావిడ ఏడ్చేసింది.

2016 జనవరిలో ప్లాన్ రద్దు చేశారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. అక్టోబర్‌లో ఎమర్జెన్సీ పెట్టారు, మొబైల్ ఇంటర్నెట్ తీసేశారు. ఇంట్లోవాళ్లు హనుమకొండలో టెన్షన్‌తో చచ్చిపోయారు.

తర్వాతి కథ అందరికీ తెలుసు. 2018లో అబీ అహ్మద్ ప్రధాని అయ్యారు, 2019లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అదే ఏడాది కూటమిని రద్దు చేసి ఒకే జాతీయ పార్టీ పెట్టారు. టిగ్రే పార్టీ చేరలేదు. 2020లో కోవిడ్ పేరుతో కేంద్రం ఎన్నికలు వాయిదా వేస్తే, టిగ్రే తన ఎన్నికలు తను పెట్టుకుంది. నవంబర్‌లో కేంద్రానికీ టిగ్రేకూ యుద్ధం. నాతో పనిచేసిన, టిగ్రే రాజధాని మెకెల్లేకు చెందిన మిత్రుడి ఫోన్ రెండేళ్లు మూగబోయింది. 2022 నవంబర్‌లో ప్రిటోరియాలో ఒప్పందం కుదిరింది. కొత్త సంవత్సరం వచ్చాక ఒక మెసేజ్ పెట్టాడు. తను ఉన్నాడు. వాళ్ల నాన్నగారు షుగర్ మందులు దొరక్క పోయారు.

అందుకే కేంద్రమా, ఫెడరలా అన్న ప్రశ్నలో సగమే ఉంది. ఇంటావిడ మనవరాలి చేతిలోంచి ఆ వాచకం ఎవరైనా లాక్కుంటే మళ్లీ ఇంకో ఫ్రంట్ పుడుతుంది. భాష, బడి, స్థానిక పాలన రాష్ట్రాల దగ్గరే ఉండాలి. మారాల్సింది సొంతదారుల జాబితా. ఒక చోట పదేళ్లు బతికినవాడు ఆ చోటి మనిషి కావాలి. ఓటుకూ, పొలానికీ అదే లెక్క కావాలి. రాష్ట్రంలో గెలిచినవాళ్లు కేంద్రంలో ఉన్నవాళ్ల నౌకర్లు కాకుండా ఉండాలి. ఇదేమీ సులువు కాదని తెలుసు. దక్షిణాన సిదామా జాతివాళ్లు 2019లో ఓటేసి సొంత రాష్ట్రం తెచ్చుకున్నాక ఇంకొన్ని కూడా ఏర్పడి, ఇప్పుడు రాష్ట్రాలు పన్నెండయ్యాయి. అయినా సొంతదారు అన్న ఆలోచన అలాగే ఉంది.

ఆ కుర్రాడు ఇప్పుడు అడిస్ అబాబాలో బ్యాంకు ఉద్యోగి. పోయినసారి మాట్లాడినప్పుడు ఫైదా కార్డు ఫొటో పంపాడు. మన ఆధార్ లాంటి కొత్త డిజిటల్ ఐడీ అది. దాని సాఫ్ట్‌వేర్‌కు మూలం మన బెంగళూరు ట్రిపుల్ ఐటీలో తయారైంది. "చూడండి సార్, బిహేర్ గడి లేదు" అన్నాడు. అమ్మ ఎలా ఉందని అడిగాను. గొజ్జాంలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లిందట. 2023 ఆగస్టు నుంచి ఆ వైపు ఫానో అనే అమ్హారా మిలీషియాకూ సైన్యానికీ పోరు నడుస్తోంది. ఆమె తిరిగి రావాలి, దారి ఎప్పుడు తెరుస్తారో చూస్తున్నాను అన్నాడు.