ఆర్బిట్‌లో ప్రయోగం ముగించేటప్పుడు

చిరంజీవి అమ్మలుకి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. గుణుపురం హాస్టల్లో కూర్చుని న్యూజెర్సీలో ఉన్న ఆర్బిట్ అనే వైర్‌లెస్ ప్రయోగశాల గ్రిడ్ మీద వైఫై ప్రయోగం నడుపుతున్నావని అమ్మ చెప్పింది. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల విన్‌ల్యాబ్‌లో మీటరుకొకటి చొప్పున 20 వరసలు, వరసకి 20, మొత్తం 400 రేడియో నోడ్లు, అంటే రేడియో కార్డులున్న కంప్యూటర్లు. మొదలెట్టడం ఎవరైనా నేర్పుతారు, ముగించడం నేను చెప్తాను.

ముందు టైము చూసుకో. నీ స్లాటు, అంటే నువ్వు బుక్ చేసుకున్న సమయం, వాళ్ల గడియారం ప్రకారం అయిపోతుంది. వాళ్లు మనకన్నా ఎండాకాలంలో 9.5 గంటలు, చలికాలంలో 10.5 గంటలు వెనక. మార్చిలో వాళ్లు గడియారం ముందుకి జరిపినప్పుడు అది గమనించకపోతే స్లాటులో గంట పోతుంది. ఆఖరి గంట కొలతలకి వాడొద్దు. స్లాటు అయ్యాక వచ్చినవాడు నోడ్ల మీద తన ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) ఎక్కిస్తాడు, నీది తుడిచిపెట్టుకుపోతుంది. నోడంటే సత్రంలో గది, మూట మాత్రం కన్సోల్లో, అంటే నువ్వు లాగిన్ అయ్యే వాళ్ల సర్వరులో, నీ హోం డైరెక్టరీలో ఉండాలి.

ప్యాకెట్లు పట్టి ఫైల్లో రాసే టీసీపీడంప్‌ని కంట్రోల్-సీతోనే ఆపు. విసుగొచ్చి బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొట్టావనుకో, బఫర్లో ఉన్న ఆఖరి ప్యాకెట్లు ఫైల్లోకి ఎక్కవు. ఫైళ్లు కన్సోల్‌కి కాపీ చేసి రెండువైపులా ఎండీ5 (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చెప్పే సంఖ్య) సరిపోల్చు. ఛానెలు, ట్రాన్స్‌మిట్ పవరు, డ్రైవర్ వెర్షను, నోడ్ నంబర్లు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పక్కనే పెట్టు.

ఇక ఇమేజ్. పది లైన్ల స్క్రిప్టు మార్చినందుకు డిస్కంతా సేవ్ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్క్రిప్టు కాపీ చేసుకుంటే చాలదా? కెర్నెలో డ్రైవరో మార్చి కంపైల్ చేసుంటేనే ఇమేజ్ తియ్యి. ముందు క్యాప్చర్ ఫైళ్లు చెరిపెయ్యి. ఇమేజ్ తీసే ప్రోగ్రాము డిస్కులోని ఖాళీ బ్లాకుల్ని వదిలేస్తుంది కాబట్టి ఫైలు చిన్నదౌతుంది. పాస్‌వర్డులు, ఎస్ఎస్‌హెచ్ తాళాలు, కమాండ్ హిస్టరీ కూడా తీసెయ్యి, ఇమేజ్ వేరేవాళ్ల చేతికి వెళ్లొచ్చు.

అసలు తంటా నెట్‌వర్క్ కార్డు పేరుతో వస్తుంది. పాత లైనక్స్‌లో పరికరాలకి పేర్లు పెట్టే యూడెవ్, ఆ నోడ్ కార్డు మ్యాక్ అడ్రసుని (కార్డు సొంత నంబరు) ఈటీహెచ్0 అనే పేరుకి ముడేసి, 70-పర్సిస్టెంట్-నెట్ అనే రూల్స్ ఫైల్లో రాసిపెడుతుంది. అదే ఇమేజ్ ఇంకో నోడ్‌లో వేస్తే అక్కడి కార్డుకి ఇంకో పేరు వచ్చి కూర్చుంటుంది, నీ స్క్రిప్టు ఈటీహెచ్0 కోసం వెతుక్కుంటుంది. సేవ్ చేసేముందు ప్రిపేర్ స్క్రిప్టు నడపమనేది ఇలాంటి శుభ్రం కోసమే. అది నడిపినా ఆ ఫైలుందో లేదో నువ్వు ముందే ఒకసారి చూసుకో.

తర్వాత కన్సోల్ నుంచి ఓఎంఎఫ్ సేవ్ (నోడ్లని నడిపే ఓఎంఎఫ్‌లో ఇమేజ్ దాచే కమాండ్) కొట్టు, లైను తెగినా పని ఆగనివ్వని టీమక్స్‌లోనే సుమా. మనవైపు గాలివానకి కరెంటు పోయినా పని అక్కడ సాగుతూనే ఉంటుంది. ఇమేజ్ ఎన్‌డీజెడ్ ఫైలుగా వస్తుంది. దానంతటది పెట్టుకునే పేరులో నీ ప్రయోగం ఊసుండదు, కాబట్టి ఏ ఫైలు దేనిదో వెంటనే రాసుకో.

టైముంటే, లేకపోతే ఇంకో స్లాటు తీసుకునైనా సరే, ఆ ఇమేజ్‌ని వేరే నోడ్‌లో లోడ్ చేసి బూట్ చెయ్యి. అంతవరకూ సేవ్ అయిందని నేనైతే ఒప్పుకోను. అదీ అయ్యాక ఓఎంఎఫ్ టెల్‌తో నోడ్లన్నీ ఆఫ్ చేసి లాగౌట్ అవ్వు. వాగుతూ ఉండిపోయిన రేడియో తర్వాతివాడి కొలతలు చెడగొడుతుంది.

రెండో నోడ్‌లో, నెట్‌వర్క్ కార్డుల పేర్లు చూపించే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ ఏం చూపించిందో నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ మావయ్య