అడగండి – చెబుతాం: పిల్లలతో లాఖ్ కీ సరస్సుకు

ప్రశ్న: మాకు కారు లేదు. డబ్లిన్ నుంచి ఇద్దరు పిల్లలతో బాయిల్ ఊరి దగ్గరున్న లాఖ్ కీ ఫారెస్ట్ పార్కుకు వెళ్లి, అదేరోజు తిరిగి రావచ్చా? (ఒక పాఠకురాలు, డబ్లిన్)

జవాబు: పొద్దున్నే బయల్దేరితే రావచ్చు. కనోలీ స్టేషన్‌లో స్లైగో రైలెక్కితే దాదాపు రెండున్నర గంటల్లో బాయిల్‌లో దిగుతారు. ఈ లైన్లో రైలుకూ రైలుకూ మధ్య రెండు గంటల వరకు ఎడం ఉంటుంది. ఒకటి తప్పిందంటే సగం రోజు పోయినట్టే. అందుకే ముందు తిరుగు రైలు టైము ఖాయం చేసుకుని, మిగతా రోజంతా దాన్నిబట్టి సర్దుకోండి.

అసలు చిక్కు స్టేషన్‌లో దిగాక మొదలవుతుంది. పార్కు ఊరికి తూర్పున, స్టేషన్ నుంచి సుమారు నాలుగు కిలోమీటర్లు. ఎన్4 రోడ్డు పక్కన పిల్లల తోపుడుబండి (బగ్గీ) తోసుకుంటూ నడవాలనుకోకండి, అక్కడ వాహనాలు చాలా వేగంగా వెళ్తాయి. బాయిల్ చిన్న ఊరు, స్టేషన్ బయట ట్యాక్సీలు బారులు తీరి ఉండవు. ముందురోజే ఫోన్ చేసి రానూపోనూ మాట్లాడుకోండి. సాయంత్రం ట్యాక్సీని రైలు టైముకు కనీసం 40 నిమిషాల ముందు రమ్మనండి. బూట్ల బురద కడుక్కోవడానికీ, చివరి టాయిలెట్ పరుగుకూ ఆ టైము కావాలి.

కారున్నవాళ్లకు ఒక్క మాట. ఎం4 మోటర్‌వే మీద టోల్ బూత్ దగ్గరే కట్టేస్తారు కాబట్టి మరచిపోయే అవకాశం లేదు. డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 మీద బూత్ ఉండదు, మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లో కట్టకపోతే జరిమానా మొదలవుతుంది.

ప్రశ్న: మా పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి మూడు. అక్కడ చాలా టికెట్లు కనిపిస్తున్నాయి. ఏవి కొనాలి?

జవాబు: డబ్బు పెట్టేది రోజుకు ఒక్కటే పెట్టుకోండి. పార్కు దాదాపు 800 ఎకరాలు. సరస్సు ఒడ్డు, అడవి దారులు నడవడానికి టికెట్ అక్కర్లేదు, కారు పార్కింగ్‌కు మాత్రం రుసుము ఉంటుంది.

మీ ఇంటికి సరిపోయేది ట్రీ కెనపీ వాక్, సొరంగాలు, మోయ్‌లర్గ్ టవర్ కలిసిన టికెట్. చెట్ల మధ్య కట్టిన నడక వంతెన 300 మీటర్ల పొడవు, ఎత్తైన చోట నేల నుంచి 9 మీటర్లు. చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని నడిపించండి, కమ్మీల సందుల్లోంచి బొమ్మో బూటో జారిందంటే కిందికి దిగి వెతుక్కోవాల్సిందే. ఇక సొరంగాలు. ఇక్కడ రాకింగ్‌హమ్ హౌస్ అనే పెద్ద భవంతి ఉండేది, 1957లో కాలిపోయింది. సామాన్లు మోసే నౌకర్లు అతిథుల కంటపడకూడదని ఆ రోజుల్లో నేల కింద దారులు తవ్వించారు. వేసవిలోనూ లోపల చల్లగా, తేమగా ఉంటుంది, స్వెట్టర్ ఉండాలి. భవంతి స్థలంలో ఇప్పుడున్నది మోయ్‌లర్గ్ టవర్ అనే కాంక్రీటు కట్టడం. చూపుకు ముచ్చటగా ఏమీ ఉండదు కానీ, పైనుంచి సరస్సులోని దీవులు, వాటిలో ఒకదానిమీద కోట, బాగా కనిపిస్తాయి.

పార్కులోనే ఉన్న బోడా బోర్గ్ అనే చిక్కుముడుల ఆట విషయంలో జాగ్రత్త. గది గదికీ ఒక చిక్కుముడి. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు, తప్పు చేస్తే ఎర్రలైటు వెలుగుతుంది, బయటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. జట్టుకు కనీసం ముగ్గురు ఉండాలి. మూడేళ్ల పిల్ల దగ్గర ఒకరు ఆగిపోతే మీవాళ్లు ఇద్దరే మిగులుతారు, టికెట్ కొన్నా లాభం లేదు. ఇంకో కుటుంబంతో కలిసి వెళ్లినప్పుడు పెట్టుకోండి. పాకడాలూ ఎక్కడాలూ ఉంటాయి కాబట్టి చీరలు, చెప్పులు కుదరవు.

ప్రశ్న: సరస్సులో పిల్లల్ని దించవచ్చా? పడవ ఎక్కించవచ్చా?

జవాబు: పడవ సరే. ఐరిష్ చట్టం ప్రకారం 7 మీటర్లకన్నా చిన్న పడవలో అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి. 16 ఏళ్లలోపు పిల్లలైతే ఏ పడవలోనైనా, డెక్ మీద ఉన్నంతసేపూ విప్పకూడదు. ఇచ్చిన జాకెట్ సరిపోయిందో లేదో ఒడ్డునే చూడండి. బకిళ్లన్నీ పెట్టాక భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది మీ పిల్లకు పెద్దది, నీళ్లలో తల పైనుంచి జారిపోతుంది. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పకుండా బిగించాలి.

నీళ్లలోకి దిగడమంటే మేం వెనకాడతాం. జూలైలోనూ నీళ్లు వణికించేంత చల్లగా ఉంటాయి, అడుగు కనపడని చోట లోతు అంచనాకు రాదు. రాళ్లకు అతుక్కుని జీబ్రా మసెల్స్ అనే చిన్న గవ్వపురుగులు ఉంటాయి. వాటి అంచు బ్లేడే, ఉత్త కాళ్లతో తొక్కితే చర్మం చీలుతుంది. గాలి నింపిన బొమ్మలు అసలు తీసుకెళ్లకండి. ఒడ్డు నుంచి గాలి వీస్తే నిమిషాల్లో లోపలికి కొట్టుకుపోతాయి, వాటి వెంట పిల్లలు వెళ్తారు.

ఎండలు కాసి గాలి ఆడని రోజుల్లో ఐర్లండ్ సరస్సుల్లో నీలి ఆకుపచ్చ నాచు పుడుతుంది. నీటిమీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి పోనివ్వకండి. హెచ్చరిక బోర్డు లేకపోయినా అంతే. ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే 112కు ఫోన్ చేసి కోస్ట్ గార్డ్‌ను అడగండి. సముద్రం కాదు కదా అని సందేహించకండి.

ప్రశ్న: పది కుటుంబాలం కలుస్తున్నాం. గ్యాస్ స్టవ్ తీసుకెళ్లి వేడివేడిగా వండుకోవచ్చా?

జవాబు: వద్దు. అది అడవి. పులిహోర, చపాతీలు, ఫ్లాస్కులో టీ చాలు. పెరుగన్నం మాత్రం ఐస్ ప్యాకులున్న కూలర్ బాక్సులో పెట్టండి, కారు డిక్కీలో మధ్యాహ్నం దాకా వదిలేసిన అన్నం కడుపు పాడుచేస్తుంది. హంసలకు బ్రెడ్డు వేయకండి. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలు, క్యాన్లు నలపకుండా ఇంటికి తెచ్చుకుంటే సూపర్‌మార్కెట్ మెషీన్లో, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ వెనక్కి వస్తుంది: అర లీటరు వరకు 15 సెంట్లు, అంతకు మించితే 25.

ప్రశ్న: గడ్డిలో ఆడితే పిడుదులు పడతాయంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. కొన్ని పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపండి. ఇంటికొచ్చాక జుట్టు మొదళ్లు, చెవుల వెనక, మోకాలి మడతలు చూడండి. కరుచుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. తర్వాతి నెలరోజుల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెద్దదవుతూ వస్తే జీపీకి (మీ ఫ్యామిలీ డాక్టరుకు) చూపించి, పిడుదు కరిచిందని చెప్పండి.

ప్రశ్న: ఏ నెల మంచిది? వాన పడితే?

జవాబు: మే, జూన్ మొదటి సగం. స్కూళ్లకు సెలవులిచ్చాక రద్దీ పెరుగుతుంది, టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది, అది చూసుకుని కూర్చుంటే గేటు పడిపోతుంది. మూసే టైము లోపలికి వస్తున్నప్పుడే బోర్డు మీద చూసుకోండి. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటు, ఇంకో జత మేజోళ్లు పెట్టుకోండి. జల్లు అయితే చెట్ల కింద నడక సాగుతుంది. రోజంతా ముసురైతే బాయిల్ ఊళ్లోకి వెళ్లి కింగ్ హౌస్ మ్యూజియం చూడండి, అది ఏడాది పొడవునా తెరిచి ఉండదు కాబట్టి బయల్దేరే ముందే కనుక్కోండి.